సాల్సా బేసిక్ స్టెప్: ఒక్కరే చేస్తే వస్తుంది, జోడీగా చేస్తే 4 దగ్గర ఎందుకు తప్పుతుంది?

మీ సమస్య ఇదీ: మూడు వారాలుగా వీడియోలు చూసి సాల్సా బేసిక్ స్టెప్ నేర్చుకుంటున్నారు. అద్దం ముందు ఒక్కరే చేస్తే సరిగ్గానే వస్తోంది. పాట పెట్టి జోడీగా మొదలుపెట్టాక అర నిమిషంలో తాళం తప్పుతోంది, అది కూడా ఎప్పుడూ ఎనిమిది కౌంట్ల లెక్కలో 4 తర్వాతే. పైగా అవతలివారి కాలు తొక్కుతున్నారు. లీడ్ చేస్తున్నది, అంటే జోడీని నడిపిస్తున్నది మీరు.

ఒక్కరే చేసినప్పుడు వచ్చి జోడీగా పోతోందంటే, కాలు ఎక్కడ పెట్టాలో మీకు తెలుసనే అర్థం. ఒంటి బరువు ఏ కౌంట్‌లో ఏ కాలి మీద ఉండాలన్నది ఇంకా కుదరలేదు. అద్దంలో కాలు కనిపిస్తుంది, బరువు కనిపించదు. అందుకే వీడియో చూసి నేర్చుకునేవాళ్లందరికీ దాదాపు ఇదే చోట అడ్డం పడుతుంది.

ముందు ఇద్దరం ఒకే స్టెప్ గురించి మాట్లాడుకుంటున్నామని ఖాయం చేసుకుందాం. ఇక్కడ చెప్పేదంతా ‘ఆన్ 1’ పద్ధతి. లీడ్ చేసేవారు 1కి ఎడమ కాలు ముందుకు వేస్తారు, 2కి వెనకే ఉన్న కుడి కాలి మీదికి బరువు తిరిగి వస్తుంది, 3కి ఎడమ కాలు మొదటి చోటికి చేరుతుంది. 4లో కొత్త అడుగు లేదు. 5కి కుడి కాలు వెనక్కి, 6కి ఎడమ కాలి మీదికి బరువు, 7కి కుడి కాలు మొదటి చోటికి. 8లో మళ్లీ అడుగు లేదు. ఫాలో చేసేవారు దీన్నే అద్దంలో చూసినట్టు చేస్తారు: 1కి కుడి కాలు వెనక్కి, 5కి ఎడమ కాలు ముందుకు.

మీరు చూసిన వీడియోల్లో కొన్ని ‘ఆన్ 2’వి అయి ఉండొచ్చు. అది న్యూయార్క్ పద్ధతి, ఎడ్డీ టోరెస్ అనే గురువు వల్ల బాగా వ్యాప్తిలోకి వచ్చింది. అందులోనూ 1, 2, 3, 5, 6, 7లకే అడుగులు పడతాయి గానీ ముందుకూ వెనక్కూ దిశ మారేది 2, 6ల మీద. లాస్ ఏంజెలిస్ పద్ధతిగా పేరుపడ్డ ఆన్ 1లో దిశ మారేది 1, 5ల మీద. రెండూ సరైనవే. రెండూ కలిపి నేర్చుకుంటే మాత్రం ఒంటికి ఏదీ పట్టుబడదు. మీ ఊళ్లో డ్యాన్స్ చేసేవాళ్లు ఏది చేస్తారో కనుక్కుని, కనీసం మూడు నెలలు దానికే కట్టుబడండి.

ఇక 4 సంగతి. ‘1-2-3 వేయండి, 4లో ఆగండి’ అని చెబుతుంటారు. ఆ ‘ఆగండి’ అన్న మాటే సగం మందిని చెడగొడుతోంది. ఆగమనగానే ఒళ్లు బిగుసుకుపోతుంది. బిగుసుకున్న ఒంటిని 5కి మళ్లీ కదిలించాలంటే ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని పూడ్చుకోవడానికి 6, 7 గబగబా పడతాయి, 8 మింగుడైపోతుంది. మీకు అర నిమిషంలో జరుగుతున్నది ఇదే. దీనికి మందు ఏమిటంటే, 3ని రెండు కౌంట్ల పొడవున్న అడుగుగా తీసుకోవడం. 1, 2 గబగబా పడేవి, 3 నిదానంగా సాగేది. 3లో పాదం నేలను తాకుతుంది. 3 నుంచి 4 చివరిదాకా బరువు ఆ పాదంలోకి దిగుతూనే ఉంటుంది. 4 పూర్తయ్యేసరికి రెండో కాలి మడమ దానంతట అదే తేలికై లేస్తుంది. అప్పుడు 5కి ఏ కాలు కదపాలా అని ఆలోచించే పని ఉండదు, ఖాళీగా ఉన్నది ఆ ఒక్క కాలే.

సంగీతం పరిచయం ఉన్నవారికి ఇంకో దారి ఉంది. చేత్తో ఆది తాళం వేయండి: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, మళ్లీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది. 1, 5 రెండూ దెబ్బల మీదే పడతాయి, సాల్సాలో దిశ మారే అడుగులూ అవే. నడిమి వేలు దగ్గర, చివరి తిప్పు దగ్గర అడుగు ఉండదు. నోటితో అనాలంటే ‘త-కి-టా…, త-కి-టా…’ అని ‘టా’ను రెండు కౌంట్లు సాగదీయండి. ‘తకధిమి’ అని మాత్రం అనకండి, ‘మి’ దగ్గర కాలు దానంతట అదే పడిపోతుంది. ఒకటి, రెండు, మూడు అని అంకెలు లెక్కపెట్టేకంటే ఇది త్వరగా ఒంటబడుతుంది, ఎందుకంటే ఆ సాగదీత నోట్లోనే ఉంది.

బరువు నిజంగా మారిందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష. పాట వద్దు, లెక్క వద్దు. 1కి ఎడమ కాలు ముందుకు వేయండి, 2కి బరువు కుడికి రానివ్వండి, 3కి ఎడమ కాలు పక్కకు చేర్చి అక్కడే ఉండండి. ఇప్పుడు కుడి కాలిని నేల నుంచి రెండంగుళాలు ఎత్తండి, కొంగ నిలబడ్డట్టు. ఒళ్లు పక్కకు ఊగకుండా కాలు లేస్తే 3 సరిగ్గా పడినట్టు. ఎత్తడానికి ముందు నడుము ఎడమవైపు జరిగిందనుకోండి, 3లో మీరు ఎడమ కాలిని ఆనించారే గానీ దాని మీద నిలబడలేదు. చాలామంది తప్పు సరిగ్గా ఇక్కడే ఉంటుంది. బరువు ఇంకా కుడి కాలి మీదే ఉండిపోయింది కాబట్టి 5కి కుడి కాలు లేవదు, ఖాళీగా ఉన్న ఎడమ కాలే మళ్లీ కదులుతుంది. అప్పటి నుంచి మొత్తం తలకిందులు. ఇదే పరీక్ష 7 తర్వాత కూడా చేయండి, ఈసారి ఎత్తాల్సింది ఎడమ కాలు. రోజుకు ఇరవైసార్లు చొప్పున నాలుగు రోజులు చేస్తే తేడా తెలుస్తుంది.

బచాటా అనే మరో లాటిన్ జోడీ డ్యాన్స్ కూడా నేర్చుకుంటున్నారా? అందులో 4కి కాలు అలా తాకించి వదిలేస్తారు. ఆ అలవాటుతో సాల్సాలో 4కి కూడా కాలు తాకిస్తుంటారు. అనుభవం ఉన్నవాళ్లు అలా చేసినా వాళ్ల బరువు చెదరదు. కొత్తలో మాత్రం తాకించిన కాలి మీదికి బరువు జారిపోతుంది. ప్రస్తుతానికి మానేయండి.

అడుగు ఎంత పెద్దది ఉండాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం కష్టం అక్కడి నుంచే వస్తుంది. చాలా సాల్సా పాటలు నిమిషానికి 160 నుంచి 220 బీట్ల మధ్య నడుస్తాయి. 180 అనుకుంటే ఒక్కో కౌంట్‌కి మీకు దొరికేది సెకనులో మూడో వంతు. అంతలో రెండడుగుల దూరం వెళ్లి రావడం ఎవరివల్లా కాదు. మన అపార్ట్‌మెంట్లలో వేసే రెండడుగుల టైల్ మీదే కొలుచుకోవచ్చు. టైల్ మధ్యలో నిలబడండి. ముందుకు వేసినప్పుడు కాలివేళ్లు టైల్ అంచు దాటకూడదు, వెనక్కి వేసినప్పుడు మడమ వెనక అంచు దాటకూడదు. మీ పాదం పొడవు కంటే అడుగు పెద్దది కాకూడదన్నది దీనర్థం. పాట వేగం పెరిగేకొద్దీ ఇంకా తగ్గించండి, సగం పాదం చాలు.

పాదం నేలను తాకే తీరు ముందుకు ఒకలా, వెనక్కి ఒకలా ఉంటుంది. ముందుకు వేసేటప్పుడు మడమ ముందు పడకూడదు, అది వీధిలో నడిచే నడక. బొటనవేలి కింద ఉబ్బుగా ఉండే అరికాలి భాగం ముందు ఆనాలి, తర్వాత మడమ దిగాలి. ఛాతీని కాలితో పాటు ముందుకు తోసేయకండి, ఒళ్లు రెండు పాదాల మధ్యనే ఉండాలి. 1లో మీరు వెళ్తున్నది తిరిగి రావడానికే. పూర్తిగా వెళ్లిపోతే 2కి వెనక్కి రావడానికి సమయం చాలదు. వెనక్కి వేసేటప్పుడు, అంటే 5కి, అరికాలి ముందు భాగం ఆనితే చాలు, మడమ నేలకు కొట్టనక్కర్లేదు. మడమ పూర్తిగా దిగిందంటే నడుం నుంచి పైభాగమంతా వెనక్కి వాలుతుంది, మీ చేతులు పట్టుకున్నవారు ముందుకు లాగబడతారు. ‘నన్ను లాగేస్తున్నావు’ అని జోడీ అంటున్నారంటే మీ చేతుల కంటే ముందు 5లో మీ మడమను చూసుకోండి.

మోకాళ్లు ఎప్పుడూ కొద్దిగా సడలి ఉండాలి, తల మాత్రం ఒకే ఎత్తులో సాగాలి. అద్దం మీద మీ కళ్ల ఎత్తులో అడ్డంగా ఒక టేపు ముక్క అంటించండి. కళ్లు ఆ గీత దగ్గర పైకీ కిందికీ ఎగురుతుంటే మీరు ప్రతి బీట్‌కీ గెంతుతున్నట్టు. తీన్మార్‌కి, సినిమా పాటలకు ఆడి పెరిగినవారికి ఈ ఎగురుడు ఒంట్లో ఉంటుంది. అక్కడ అది అందమే, ఇక్కడ జోడీ భుజాలు అదిరిపోతాయి. కూచిపూడి నేర్చుకున్నవారికి వేరే ఇబ్బంది. వాళ్ల తాళజ్ఞానం గొప్పది, 4 దగ్గర దాదాపు తప్పరు. కానీ పాదాలు రెండు పక్కలకీ తిరిగి ఉంటాయి, అడుగు మొత్తం అరికాలితో నేల మోగేలా పడుతుంది. సాల్సాలో పాదాలు దాదాపు ముందుకే చూడాలి, శబ్దం రాకూడదు. మీ అడుగు కింది ఫ్లోర్ వాళ్లకు వినిపిస్తోందంటే బరువు దిగడం లేదు, పడిపోతోంది.

ఇప్పుడు కాలు తొక్కడం గురించి. మొదటి కారణం మీరు నిలబడే చోటు. ముక్కుకు ముక్కు ఎదురుగా నిలబడితే బొటనవేళ్లు ఎదురెదురు అవుతాయి. ఇద్దరూ ఎవరి ఎడమవైపుకి వాళ్లు రెండు మూడంగుళాలు జరగండి. అప్పుడు మీ కుడి పాదం అవతలివారి రెండు పాదాల మధ్య ఖాళీకి ఎదురుగా వస్తుంది, వాళ్లదీ అంతే.

రెండో కారణం ఇంకా లోతైనది. 1కి మీ ఎడమ కాలు వెళ్లేది అవతలివారి కుడి కాలు ఖాళీ చేసిన చోటికి. ఖాళీ చేయాలని వాళ్లకు తెలిసేదెలా? మీ కాలు కదలడం వాళ్లు చూడలేరు, చూడకూడదు కూడా. మీ ఒళ్లు చెప్పాలి. 8లో, 1 రావడానికి అర కౌంట్ ముందే మీ ఛాతీ, పొట్ట భాగం కొద్దిగా ముందుకు కదలడం మొదలవ్వాలి. ఆ కదలిక చేతుల ద్వారా వాళ్ల వీపుకి చేరుతుంది, వాళ్ల కుడి కాలు వెనక్కి వెళ్తుంది, ఆ వెంటనే మీ ఎడమ కాలు దిగుతుంది. ఒళ్లు ముందు, కాలు తర్వాత. మీరు 8లో బిగుసుకుని నిలబడి 1కి హఠాత్తుగా కాలు చాపితే ఇద్దరి కాళ్లూ ఒకే చోట కలుస్తాయి. అంటే కాలు తొక్కడం, 4 దగ్గర తప్పడం రెండూ ఒకే జబ్బు: అడుగు లేని కౌంట్‌లో ఒళ్లు ఆగిపోవడం.

చేతులు కుదరకపోతే ఈ కబురు అందదు. మీ కుడి అరచేయి వాళ్ల ఎడమ రెక్క ఎముక మీద ఉండాలి, నడుం మీద కాదు. వేళ్లు కలిపి ఉంచండి. వాళ్ల ఎడమ చేయి మీ కుడి భుజం మీద తేలిగ్గా ఆని ఉంటుంది. మీ ఎడమ చేతి వేళ్లకు వాళ్ల కుడి చేతి వేళ్లు కొక్కెంలా తగులుకోవాలి, బొటనవేలితో నొక్కి పట్టుకోకూడదు. నొక్కి పట్టుకుంటే ఇప్పుడు ఇబ్బంది తెలియదు, రేపు టర్న్ తిప్పినప్పుడు వాళ్ల మణికట్టు మెలిపడుతుంది. మోచేతులు పక్కటెముకలకు అతుక్కుపోకూడదు, వెనక్కి జారిపోకూడదు. బిందె మోసేటప్పుడు చేయి ఎంత బిగువుగా ఉంటుందో అందులో పదో వంతు చాలు. జావలా వదిలేస్తే కబురు అందదు, కర్రలా బిగిస్తే నెట్టినట్టుంటుంది.

మీ జోడీ కూడా ఇది చదువుతుంటే వారికొక మాట: లీడ్ ఏం చేస్తారో ముందే ఊహించి 1కి మీరే వెనక్కి వెళ్లిపోకండి. అలా చేస్తే వాళ్లకు తమ లీడ్ పనిచేస్తోందో లేదో ఎప్పటికీ తెలియదు. వాళ్ల ఒంటి కబురు అందాకే కదలండి, అందకపోతే ఉన్నచోటే బరువు మార్చుకోండి.

పాటలో 1 వినడం గురించి మీరు అడగలేదు గానీ, అర నిమిషంలో తప్పడానికి అదీ ఒక కారణమే. అందరూ క్లావే వినమంటారు, అంటే ఐదు దెబ్బలతో పాట పొడుగునా తిరిగే లయ. అది ఈ సంగీతానికి వెన్నెముకే, అయినా కొత్తవారికి 1 పట్టుకోవడానికి ఉపయోగపడదు. మూడు దెబ్బలు ముందు, రెండు తర్వాత అయినా ఉండొచ్చు, తారుమారైనా ఉండొచ్చు. దానికంటే కాంగా వినండి, మన తబలాలో బాయాలాగా గుండ్రటి నాదమున్న పొడవాటి వాద్యం. దాని మామూలు నడకలో 2 దగ్గర ‘టప్’మని పొడి దెబ్బ, 4 దగ్గర ‘టుం-టుం’ అని రెండు నిండు దెబ్బలు వస్తాయి. రెండో నాలుగులో కూడా అంతే, 6 దగ్గర టప్, 8 దగ్గర టుం-టుం. అంటే మీరు ఖాళీ అనుకుంటున్న 4 అసలు ఖాళీ కాదు, పాటలో బాగా వినిపించే నాదం అక్కడే ఉంది. ‘టుం-టుం’ వింటూ బరువు దించుకోండి, అది అవగానే వచ్చేది 1 గానీ 5 గానీ. ఏది 1, ఏది 5 అన్నది పాడేవాళ్ల చరణం మొదలయ్యే చోటును బట్టి, పల్లవి తిరిగే చోటును బట్టి మెల్లగా తెలుస్తుంది. పాట రెండో సగంలో పెద్ద గంట మోగడం మొదలవుతుంది, అది 1, 3, 5, 7 మీద గట్టిగా పడుతుంది. దారి తప్పినవారికి అది మంచి ఆధారం.

సాధన రోజుకు పదిహేను నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. మొదటి వారం పాట పెట్టకండి. ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టి 90 దగ్గర మొదలుపెట్టండి. మధ్యలో ఆపకుండా రెండు నిమిషాలు తప్పు లేకుండా వస్తేనే 10 పెంచండి. 90 దగ్గర 3వ అడుగు సాగదీయడం చాలా కష్టమనిపిస్తుంది, ఒళ్లు తూలుతుంది. ఆ తూలడమే మీకు చూపించాల్సింది చూపిస్తుంది, వేగంగా చేస్తే అది దాక్కుంటుంది. 150 దాటాక పాట పెట్టండి. జోడీగా చేసేటప్పుడు ముందు చేతులు పట్టుకోకుండా ఎదురెదురుగా రెండు నిమిషాలు, తర్వాత అరచేతులు మాత్రమే ఆనించుకుని రెండు నిమిషాలు, ఆ తర్వాతే పూర్తి పట్టు. అరచేతుల దశలో ఫాలో చేసేవారు కళ్లు మూసుకుంటే మీ ఒళ్లు కబురు చెబుతోందో లేదో ఆ నిమిషంలోనే తేలిపోతుంది. పక్కన బల్ల అంచులూ కుర్చీలూ లేకుండా చూసుకోండి. ఇద్దరూ కిందికి చూడకూడదు. కిందికి చూస్తే తల బరువంతా ముందుకు వస్తుంది, 5కి వెనక్కి వెళ్లడం కష్టమవుతుంది.

సాక్సులతో టైల్స్ మీద చేయకండి, వెనక్కి వేసిన కాలు జారితే పడేది తుంటి మీద. రన్నింగ్ షూలు కూడా వద్దు. వాటి రబ్బరు అడుగు (సోల్) నేలను పట్టేస్తుంది, ఒళ్లు తిరుగుతుంది గానీ పాదం తిరగదు, ఆ మెలి అంతా మోకాలు భరిస్తుంది. బేసిక్ వరకు టైల్స్ మీద ఒట్టి కాళ్లతో చేయవచ్చు. టర్నులు మొదలయ్యాక నున్నటి తోలు అడుగు ఉన్న ఫార్మల్ షూలు వాడండి. స్వెడ్ (నూగు ఉన్న మెత్తటి తోలు) అడుగు డ్యాన్స్ షూలు చెక్క నేలకు బాగుంటాయి, పాలిష్ పట్టిన గ్రానైట్ మీద మాత్రం జారతాయి. హీల్స్ వేసుకునేవారు మొదట రెండంగుళాలు దాటకండి.

నడుం కదలిక కోసం తొందరపడకండి. కావాలని ఊపితే కృతకంగా ఉంటుంది. మోకాలు కొద్దిగా వంచి అడుగు వేసి, బరువు దిగేకొద్దీ ఆ మోకాలు నిటారు చేస్తే ఆ వైపు నడుం దానంతట అదే బయటికి వస్తుంది. 3-4లో బరువు నిదానంగా దించడం వచ్చినవారికి ఇది సగం వచ్చేసినట్టే.

180 దగ్గర మొత్తం పాట తప్పకుండా నడిచాక రైట్ టర్న్‌కి, అంటే జోడీని వాళ్ల కుడివైపుకి ఒక చుట్టు తిప్పడానికి వెళ్లండి. 3 అయ్యాక 4లో మీ ఎడమ చేయి ఎత్తుతారు, జోడీ 5, 6, 7లో తిరుగుతారు. చేయి ఎత్తేది అడుగు లేని 4లోనే, 5 దాకా ఆగితే వాళ్లకు తిరగడానికి సమయం ఉండదు. తర్వాత క్రాస్ బాడీ లీడ్. అందులో 3కి మీరు ఎడమవైపు పావు చుట్టు తిరిగి దారి ఖాళీ చేస్తారు, 5, 6, 7లో జోడీ మీ ముందు నుంచి దాటి అవతలివైపుకి వెళ్తారు. దారిలో మీరే నిలబడి వాళ్లను చుట్టూ లాగడం అందరూ చేసే పొరపాటు. ఇది కూడా 3లో బరువు పూర్తిగా ఎడమ కాలి మీదికి రాకపోవడం వల్లే జరుగుతుంది.

పాట మధ్యలో తప్పితే పరుగెత్తి కలుపుకోవాలని చూడకండి. అడుగులు ఆపి, జోడీని వదలకుండా, ఉన్నచోటే ఎడమకీ కుడికీ బరువు మారుస్తూ ఉండండి. వాళ్లు కూడా మీతో పాటు ఊగుతారు. కాంగా ‘టుం-టుం’ రెండుసార్లు విని, రెండోదానికి బరువు కుడి కాలి మీదికి తెచ్చుకుని, ఛాతీ కొద్దిగా ముందుకు పంపండి. ఎడమ కాలు దానంతట అదే 1కి వెళ్తుంది.